పున్నమి చూసుకుని అనురాధపురం వెళ్ళండి

శ్రీలంకకు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ దేశపు ప్రాచీన రాజధాని అనురాధపురం నాకు రెండున్నర గంటల ఊరు. వ్యాను ఆగింది, దిగాం, చెప్పులు విప్పాం, అరికాళ్ళు కాల్చుకున్నాం, ఫోటోలు దిగాం, మళ్ళీ ఎక్కాం. ఇంటికి వచ్చాక చూస్తే ఏ ఫోటోలో ఏ స్తూపమో తేల్చుకోలేకపోయాను. అన్నీ తెల్లగా, గుండ్రంగా ఉన్నాయి. ముందు నేను నిలబడి ఉన్నాను. ఆ రోజు నాతో మాట్లాడిన లంకవాడు డ్రైవరొక్కడే. ఆ మాటలు కూడా ఏసీ పెంచాలా తగ్గించాలా అన్నంత వరకే.

రెండోసారి నాలుగు రోజులు ఆ ఒక్క ఊళ్ళోనే ఉన్నాను. పున్నమికి రెండు రోజుల ముందు చేరాను, పున్నమి మర్నాడు బయలుదేరాను. ఈ లెక్కే ఈ వ్యాసం. కొత్త ఊళ్ళో మొదటిసారి కనిపిస్తే మీరు యాత్రికులు. రెండోసారి అదే టీ కొట్టు ముందు అదే వేళకు కనిపిస్తే, 'నిన్న వచ్చినాయన'. ఆ చిన్న హోదా రావడానికి రెండు రోజులు పడుతుంది. అది వచ్చాక పండగ చూస్తే ఆ తీరే వేరు.

ముందు మన ఇంటి దగ్గర ఒక రోజు

విమానం టికెట్టు కంటే ముందు నాగార్జునకొండకు పడవ టికెట్టు కొనండి. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన చోటు అది. అక్కడి శాసనమొకటి బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాల పట్టిక. అందులో 'సీహళ విహారం' ఉంది, ఆ విహారంలో బోధివృక్షానికి కట్టించిన గుడి ఉంది. అంటే సింహళ భిక్షువులు కృష్ణ ఒడ్డున కాపురమున్నారు. అనురాధపురంలోని తమ బోధిచెట్టును తలుచుకోవడానికేనేమో, ఇక్కడా ఒకటి పెంచుకున్నారు. మీరు ఇప్పుడు చూడబోయేది ఆ ఊరినే, ఆ చెట్టునే.

వీలైతే అమరావతి మ్యూజియం కూడా చూడండి. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చే ఆయక వేదికను అక్కడ గుర్తుపట్టడం నేర్చుకుంటే, అనురాధపురంలో దాన్నే పోలిన 'వాహల్కడ' ఎదుట నిలబడినప్పుడు ఎవరూ వివరించనక్కర్లేదు. పల్నాటి సున్నపురాతిలో చెక్కిన శిల్పాల ముక్కలు లంకలోనూ దొరికాయి. ఓడల్లో సరుకుతోపాటు శిల్పాలు కూడా వెళ్ళాయన్నమాట.

తేదీ ఎలా ఎంచుకోవాలి

లంకలో ప్రతి పున్నమీ సెలవే. 'పోయ' అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం దుకాణాలూ మూసేస్తారు. పన్నెండు పోయలకూ పన్నెండు పేర్లున్నాయి. వైశాఖ పున్నమి వెసక్, జ్యేష్ఠ పున్నమి పొసొన్. అంటే మన ఏరువాక పున్నమి నాడే వాళ్ళకు పొసొన్. అశోకుడి కొడుకు మహిందుడు లంకలో అడుగుపెట్టిన రోజని నమ్మకం. ఆ రోజు అనురాధపురం, పక్కనున్న మిహింతలె తెల్లబట్టల జనంతో నిండిపోతాయి.

మొదటిసారి వెళ్తున్నవారు పొసొన్‌కే వెళ్ళాలని పట్టుబట్టకండి. గది దొరకదు, రైలులో కాలు పెట్టే చోటుండదు, పరిచయాలకు వ్యవధి ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల పున్నములు హాయిగా ఉంటాయి. అక్టోబరు నుంచి జనవరి వరకు ఆ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు. డిసెంబరులో వచ్చే ఉందువప్ పోయ మాత్రం ప్రత్యేకం. మహిందుడి చెల్లెలు సంఘమిత్త బోధి కొమ్మను తెచ్చిన రోజుగా దాన్ని జరుపుకుంటారు. గొడుగు పట్టుకుని తిరగగలిగితే అప్పుడైనా వెళ్ళవచ్చు. మన పంచాంగానికీ వాళ్ళ క్యాలెండరుకూ అప్పుడప్పుడు ఒక రోజు తేడా వస్తుంది కాబట్టి లంక సెలవుల జాబితా చూసి ఖాయం చేసుకోండి.

కాగితాలు, డబ్బు

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవడం మంచిది. ఈటీఏ అంటారు. దాని రుసుము, నియమాలు తరచూ మారుతుంటాయి. అందుకే లంక ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూడండి, అక్కడే దరఖాస్తు చేయండి. అదే రూపంలో కనిపించే ప్రైవేటు వెబ్‌సైట్లు రెట్టింపు వసూలు చేస్తాయి. చెన్నై నుంచి కొలంబోకు గంటంపావు ప్రయాణం. గడియారం మార్చుకోనక్కర్లేదు, రెండు దేశాలకూ ఒకటే సమయం.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: ప్రాచీన స్థలాల్లో విదేశీయుల టికెట్టు ధర డాలర్లలో ఉంటుంది, బాగా ఎక్కువ. మనతో సహా సార్క్ దేశాలవారికి అందులో దాదాపు సగమే. అయితే పాస్‌పోర్టు చూపించాలి. అది హోటలు గదిలో భద్రంగా ఉంటే సగం డబ్బు పోయినట్టే. కౌంటరులో మీరే అడగాలి, వాళ్ళంతట వాళ్ళు అడగరు.

ఊళ్ళో చిన్న కొట్లకు, ఆటోలకు లంక రూపాయల నోట్లు కావాలి. ఆటోను అక్కడ 'త్రీవీల్' అంటారు. ఎక్కే ముందే బేరం తేల్చుకోండి. మొదటి యాత్రలో ఒకతను "దారిలోనే కదా" అంటూ నన్ను మసాలా తోటకు తీసుకెళ్ళాడు. అక్కడ వెంట్రుకలు మొలిపించే నూనె నాకు అంటగట్టారు. నా తల చూసినవారికి ఆ నూనె సంగతి చెప్పనక్కర్లేదు.

సంచిలో ఏమి ఉండాలి

భుజాలు, మోకాళ్ళు కప్పే తెల్లని బట్టలు రెండు జతలు పెట్టుకోండి. తెల్ల పంచె, తెల్ల చీర, తెల్ల చుడీదారు ఏదైనా సరే. గుళ్ళలో తెలుపే మర్యాద. మందపాటి మేజోళ్ళు మరచిపోవద్దు. స్తూపాల ముంగిట చెప్పులు, టోపీ తీసేయాలి. పదిన్నర దాటితే ఆ రాళ్ళ మీద అట్టు పోయవచ్చు. మేజోళ్ళకు అభ్యంతరం లేదు. ప్లగ్గుల్లో కొన్ని మన రకం, కొన్ని పలక పిన్నుల బ్రిటిష్ రకం కాబట్టి ఒక అడాప్టరు కావాలి.

వీటితోపాటు ఒక డబ్బాలో అరిసెలు పెట్టుకోండి, తమాషాకు చెప్పడం లేదు. బియ్యప్పిండి, బెల్లంతో చేసే 'అతిరస' అనే వంటకం సింహళీయులకూ ఉంది. దిగిన ఇంటి ఇల్లాలి చేతిలో ఒక అరిసె పెట్టి "ఇది మా అతిరస" అనండి. నా విషయంలో తర్వాత గంటసేపు సంభాషణ దానంతట అదే నడిచింది. పాకం ఎంత, నువ్వులు వేస్తారా వేయరా, నూనె ఎలా పిండుతారు అని.

పది మాటలు నేర్చుకోండి

నమస్కారానికి 'ఆయుబోవన్' అంటారు, దీర్ఘాయుష్షు కలగాలని దాని అర్థం. కృతజ్ఞతకు 'స్తూతియి', బాగుందనడానికి 'హొందయి', ఎంత అని అడగడానికి 'కీయద', వద్దనడానికి 'ఎపా'. అవునంటే 'ఔ', దీన్ని నేర్చుకోనక్కర్లేదు. సరేకు 'హరి'.

మనుషులను వరుస పెట్టి పిలవడం వాళ్ళకూ అలవాటే. అక్కను 'అక్కా' అనే అంటారు. తమ్ముడు 'మల్లీ', చెల్లెలు 'నంగీ', తల్లి వయసువారు 'అమ్మా', మేనమామ వయసువారు 'మామా'. అన్నను మాత్రం 'అయ్యా' అంటారు. మన చెవికి అది అర్జీలో వినయంలా వినిపిస్తుంది కానీ వాళ్ళకు ఇంట్లో మాట. భిక్షువులను వరుసలతో పిలవకూడదు, 'హాముదురువనే' అనాలి.

ఇక సెలవు తీసుకునేటప్పుడు 'గిహిన్ ఎన్నమ్' అనండి. వెళ్ళి వస్తాను అని. మనలాగే వాళ్ళు కూడా వెళ్తున్నానని ఊరుకోరు.

మొదటి రోజు: ఒక్క శిథిలం కూడా చూడకండి

కొలంబో ఫోర్టు స్టేషను నుంచి రైలులో నాలుగైదు గంటల్లో అనురాధపురం. పెద్ద హోటలు కాకుండా, ఇంటివాళ్ళు కింద ఉండి రెండు మూడు గదులు అద్దెకిచ్చే చోటు చూసుకోండి. సైకిలు అక్కడే అద్దెకు దొరుకుతుంది.

సాయంత్రం నాలుగున్నరకు తిస్స వెవ కట్ట మీదకు వెళ్ళండి. వెవ అంటే చెరువు. క్రీ.పూ. 3వ శతాబ్దపు రాజు దేవానంపియతిస్సుడి పేరు మీద ఉన్న ఆ చెరువు ఇంకా వాడుకలోనే ఉంది. రామప్ప, పాకాల చెరువులు చూసినవారికి ఆ కట్ట, ఆ గాలి, మునిమాపు వేళ ఒడ్డున స్నానాలు చేసేవాళ్ళు, గట్టున కూర్చుని ఊరి సంగతులు చెప్పుకునేవాళ్ళు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. అసలు ఆ నగరం చెరువుల మీద బతికిన నగరం. 5వ శతాబ్దంలో ధాతుసేనుడు కట్టించిన కలా వెవ నుంచి 87 కిలోమీటర్ల కాలువ తవ్వి ఈ చెరువుకు నీళ్ళు తెచ్చారు. మొదట్లో కొన్ని కిలోమీటర్ల మేర ఆ కాలువ వాలు కిలోమీటరుకు జానెడు కూడా లేదు. చెరువు తూము దగ్గర నీటి ఒత్తిడిని అదుపు చేసే రాతి గది ఉంటుంది, దాన్ని 'బిసోకొటువ' అంటారు. కట్ట మీద ఎవరైనా పెద్దాయన కనిపిస్తే ఈ ఒక్క మాట అని చూడండి. రైతు అయితే మిమ్మల్ని వదలడు.

తిరిగి వస్తూ ఒక టీ కొట్టు ఎంచుకోండి. అందమైనది కాదు, జనం నిలబడి తాగేది. పాలు లేని టీని 'ప్లేన్‌టీ' అంటారు, కిత్తుల్ అనే జీలుగు చెట్టు బెల్లం ముక్క కొరుకుతూ తాగుతారు. మిగిలిన రోజులన్నీ ఇదే మీ కొట్టు. వేళ మార్చకండి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. అన్నం, పరిప్పు అనే పప్పు, పనసకాయ కూర, కొబ్బరి సంబోల్ అన్నీ మన నాలుకకు నచ్చేవే. కానీ సంబోల్‌లో 'ఉంబలకడ' వేస్తారు. అది ఎండబెట్టిన మాల్దీవుల చేప, పొడిలా ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు. "ఉంబలకడ ఎపా" అని ముందే చెప్పండి.

రెండో రోజు: రాళ్ళు

ఉదయం ఆరింటికి సైకిలు తీయండి. పది దాటాక ఎక్కడైనా నీడకు చేరండి, నాలుగింటికి మళ్ళీ బయలుదేరండి.

మొదట జేతవనం. 3వ శతాబ్దం చివర మహాసేనుడు మొదలుపెట్టిన స్తూపం. ఒకప్పటి ఎత్తు 122 మీటర్లంటారు, ఇప్పుడు మిగిలింది 71. గీజాలోని రెండు పిరమిడ్లను పక్కన పెడితే ప్రాచీన ప్రపంచంలో అంత ఎత్తయిన కట్టడం లేదు. పట్టిన ఇటుకలు 9 కోట్ల పైమాటే అని అంచనా. సున్నం పూత లేకుండా ఎర్రగా ఉంటుంది కాబట్టి తెల్ల స్తూపాల కంటే నాకు ఇదే ఇష్టం. మనిషి చేతి పని కనిపిస్తుంది. ఇటుక ముక్క జ్ఞాపకార్థం తెచ్చుకుందామని మాత్రం వంగకండి. చట్ట ప్రకారం నేరం.

తర్వాత అభయగిరి విహారం. ఇక్కడ సగం పూటైనా గడపండి. గుమ్మం ముందు అర్ధచంద్రాకారంలో పరిచే చంద్రశిల ఇక్కడిది చాలా బాగుంటుంది. బయటి అంచున జ్వాలలు, లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు, ఆ లోపల తీగ, హంసలు, నడుమ పద్మం. అనురాధపురం తర్వాత రాజధాని అయిన పొలొన్నరువ కాలానికి వచ్చేసరికి ఆ వరుసలో ఎద్దు మాయమైంది. నందిని కాళ్ళతో తొక్కరాదని తీసేశారని ఒక వివరణ. నాగార్జునకొండ చూసి వచ్చినవారికి అక్కడి చంద్రశిలలు గుర్తుకు రాకుండా ఉండవు. దగ్గరలోనే కుట్టం పొకుణ ఉంది, అంటే జంట కోనేళ్ళు. నీళ్ళు నేరుగా కోనేటిలోకి రావు. మట్టి పేరుకునే చిన్న తొట్టిలో ఆగి తేరుకుని వస్తాయి. ఆ తొట్టిని వెతికి చూడండి, చాలామంది దాన్ని దాటిపోతారు.

ఈ విహారంలోనే చైనా భిక్షువు ఫాహియాన్ 5వ శతాబ్దం తొలి ఏళ్ళలో రెండేళ్ళు ఉన్నాడు. ఇల్లు వదిలి అప్పటికి చాలా కాలమైంది. తోడు బయలుదేరినవారిలో కొందరు పోయారు, కొందరు దారిలో నిలిచిపోయారు. ఒకరోజు పచ్చరాతి బుద్ధుడి ఎదుట ఎవరో వర్తకుడు సమర్పించిన తెల్ల పట్టు విసనకర్ర కనిపించింది. అది తన దేశపుది. కళ్ళ నీళ్ళు ఆగలేదని తానే రాసుకున్నాడు. విదేశంలో ఏ వీధి మలుపులోనో తెలుగు మాట వినబడి తల తిప్పినవారెవరికైనా అది అర్థమవుతుంది.

ఇసురుముణియ రాతిగుడి, థూపారామం స్తూపం మిగిలిన వేళలో చూడవచ్చు. ఆరింటికి మీ టీ కొట్టుకు చేరండి. ఈసారి చక్కెర ఎంత అని అడగకపోవచ్చు.

పున్నమి రోజు

ఈ రోజు కెమెరా గదిలో వదిలేయండి. ఫోను జేబులో ఉంటే చాలు.

తెల్లవారకముందే తెల్లబట్టలు కట్టుకుని శ్రీమహాబోధి అనే ఆ బోధిచెట్టు దారిలో పూలు కొనండి. తామర 'నెలుం', నల్లకలువ 'మానెల్'. తామర రేకులను ఒక్కొక్కటే వెనక్కి మడిచి విచ్చిన పువ్వులా చేస్తారు. ఎలాగో తెలియకపోతే పక్కనున్న అమ్మకు పువ్వు చాపండి. నాకు తెలిసి ఎవరూ కాదనలేదు, నాకు మడవడం నేర్పినామె నా పొడవాటి వేళ్ళను చూసి నవ్వింది కూడా. వాసన చూడకండి, పూజకు తెచ్చిన పువ్వు వాసన చూడకూడదని వాళ్ళు కూడా అంటారు. కోతుల నుంచి పూలను కాపాడుకోవాలి. అక్కడి కోతులకు తామర అంటే చాలా ఇష్టం.

ద్వారం దగ్గర తనిఖీ ఉంటుంది. 1985 మే నెలలో ఈ ఊరి బస్టాండులోనూ ఇక్కడా జనం మీద కాల్పులు జరిగాయి, మొత్తం వందమందికి పైగా పోయారు. విసుక్కోకుండా సంచి తెరిచి చూపండి.

చెట్టు ఎత్తయిన తిన్నె మీద ఉంటుంది, ముట్టుకోనివ్వరు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో బుద్ధగయ నుంచి వచ్చిన కొమ్మ నాటితే పెరిగిందంటారు. ఎప్పుడు నాటారో లిఖితంగా తెలిసిన చెట్లలో ఇంతకంటే పాతది లేదు. ఆకు రాలితే ఏరుకోవడానికి జనం కింద ఎదురుచూస్తుంటారు. మీ ముందు ఆకు పడితే, తీసి పక్కనున్న ముసలామెకు ఇవ్వండి.

పూలు పెట్టాక వెంటనే కదలకండి. కుటుంబాలన్నీ ఇసుకలో చెట్ల కింద కూర్చుని ఉంటాయి. మీరూ కూర్చోండి. కాళ్ళు బుద్ధుడి వైపు చాపవద్దు. 'సిల్' పట్టినవారు, అంటే ఆ రోజుకు ఎనిమిది నియమాలు స్వీకరించినవారు, మధ్యాహ్నం తర్వాత భోజనం చేయరు. వాళ్ళకు తినుబండారాలు ఇవ్వబోకండి. అందరూ "సాధు, సాధు, సాధు" అన్నప్పుడు మీరూ అనవచ్చు. మీ మతం ఎవరూ అడగరు.

బుద్ధుడికి వీపు తిప్పి స్వీయచిత్రం తీసుకోవడం అక్కడ అవమానం, పోలీసుల దాకా వెళ్ళిన సందర్భాలున్నాయి. చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్నందుకు 2014లో ఒక బ్రిటిష్ యాత్రికురాలిని వెనక్కి పంపించారు. స్త్రీలు భిక్షువులను తాకకూడదు. బస్సులో ముందు సీటు భిక్షువులది.

సాయంత్రం రువన్‌వెలిసాయకు నడవండి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో దుట్టుగెమును కట్టించిన తెల్ల స్తూపం, ప్రాకారం చుట్టూ రాతి ఏనుగులు. దీపాలు వెలిగాక, స్తూపం వెనక నుంచి చంద్రుడు పైకి వచ్చేసరికి ప్రదక్షిణ మొదలుపెట్టండి. నేను రెండో చుట్టులో ఉండగా టీ కొట్టు అయ్యా, భార్య, ఇద్దరు పిల్లలు ఎదురయ్యారు. అతను చొక్కా మార్చుకుని వచ్చాడు కాబట్టి ముందు నేనే గుర్తుపట్టలేదు. మూడో చుట్టు అందరం కలిసి తిరిగాం. చిన్నది నా వేలు పట్టుకుంది.

వెసక్‌కో పొసొన్‌కో వెళ్ళినవారికి దారి పొడవునా 'దన్సల్' కనిపిస్తాయి. మన దానశాలే. ఎవరైనా వరుసలో నిలబడి తినవచ్చు, డబ్బు తీసుకోరు. ఇవ్వజూపితే నొచ్చుకుంటారు. తిన్నాక వడ్డించనా అని సైగ చేయండి, గరిటె చేతికి వస్తుంది.

ఏమి మాట్లాడాలి, ఏమి వద్దు

2009లో ముగిసిన యుద్ధం గురించి మీరుగా అడగకండి. అడగకుండానే చెప్పేవారుంటారు, అప్పుడు వినండి, తీర్పులు చెప్పకండి. ఎవరినీ "మీరు తమిళులా, సింహళులా" అని అడగవద్దు. చోళులు, దుట్టుగెమును, అతనికి ముందు అనురాధపురాన్ని ఏలిన తమిళ రాజు ఎలారుడు అంటూ చరిత్ర వాదనకు దిగితే అది వేడెక్కుతుంది. అయితే ఒక మాట గుర్తు పెట్టుకోదగినది: తన చేతిలో ఓడి చనిపోయిన ఎలారుడికి దుట్టుగెమును సమాధి కట్టించి, ఆ దారిన వెళ్ళేటప్పుడు వాద్యాలు ఆపాలని ఆజ్ఞ వేశాడని లంక పాత చరిత్ర గ్రంథం మహావంసం చెబుతుంది.

మనవాళ్ళు మరో పని చేస్తారు: కనిపించిన ప్రతి కొండనూ రావణుడికి కట్టబెడతారు. గైడ్లు కూడా ఊ కొడతారు, వాళ్ళ కూలి వాళ్ళది. సిగిరియ కొండకోట మాత్రం 5వ శతాబ్దపు రాజు కాశ్యపుడిది.

తెలుగు వినబడే పల్లె

అనురాధపురానికి దక్షిణంగా, తంబుత్తేగమ వైపు కుడాగమ అనే ఊరుంది. అక్కడివారిని అహికుంటకులంటారు, సంస్కృతంలో పాములవాణ్ణి ఆహితుండికుడంటారు కదా, ఆ మాటే. పాములాడించడం, కోతినాడించడం, చెయ్యి చూసి జాతకం చెప్పడం తాతల వృత్తులు. వాళ్ళ ఇంటి మాట తెలుగు. పిల్లలు ఎక్కువగా సింహళంలోకి మారిపోతున్నారు, పెద్దల నోట ఇంకా ఉంది.

వెళ్ళాలనుకుంటే చెప్పాపెట్టకుండా కారులో దిగకండి. మీరు దిగిన ఇంటివారి ద్వారా ఆ ఊరి పెద్దకు ముందు కబురు పెట్టించండి. రమ్మంటేనే వెళ్ళండి. పాములు చూపించమని అడగకండి, రికార్డింగు పెట్టేముందు అడగండి, వాళ్ళ ఉచ్చారణ సరిదిద్దబోకండి. శతాబ్దాలుగా బడి గానీ పుస్తకం గానీ లేకుండా ఇంటి మాటను నిలుపుకున్నవారికి మనం వ్యాకరణం నేర్పడం బాగుండదు. నెమ్మదిగా, సంస్కృత పదాలూ ఇంగ్లీషు పదాలూ లేకుండా మాట్లాడండి. నీళ్ళు, అన్నం, చెయ్యి, ఇల్లు, పిల్లలు అంటూ మొదలుపెడితే దారి దొరుకుతుంది. అలా మాట్లాడటం నాకు ఎంత కష్టమైందో అక్కడే తెలిసింది.

నాలుగో రోజు ఉదయం: మిహింతలె

తూర్పున 13 కిలోమీటర్లు, బస్సుంది. 1,840 మెట్లు, చాలా వరకు నీడే. సగంలో భిక్షువుల భోజనశాల శిథిలాలున్నాయి, అన్నం రాశిపోసిన పొడవాటి రాతి తొట్టి అక్కడే ఉంది. పక్కన 10వ శతాబ్దపు శాసనంలో ఎవరికి ఎంత జీతమో, ఏ పని ఎవరిదో చెక్కించారు.

పైన మామిడిచెట్టు పేరు మీద అంబస్థల స్తూపం. వేటకు వచ్చిన రాజు తిస్సుడికి మహిందుడు ఎదురైన చోటది. కథ ప్రకారం ఆ పరదేశి మొదట ధర్మం బోధించలేదు. "ఇది ఏ చెట్టు?" అని అడిగాడు. మామిడి అన్నాడు రాజు. "ఇది కాక వేరే మామిళ్ళున్నాయా?" చాలా ఉన్నాయి. "మామిళ్ళు కాని చెట్లున్నాయా?" ఉన్నాయి. "ఆ మామిళ్ళూ కాక, ఆ వేరే చెట్లూ కాక ఇంకేమైనా ఉందా?" ఉంది, ఈ మామిడిచెట్టు అన్నాడు రాజు. తెలివైనవాడని నిర్ధారించుకున్నాక మహిందుడు మాట ముందుకు సాగించాడు. కొత్తవారితో ఏమి మాట్లాడాలో తోచనప్పుడు నేను ఎదుటనున్న చెట్టు పేరే అడుగుతాను. ఇప్పటిదాకా ఎక్కడా బెడిసికొట్టలేదు.

ఇంకా రోజులుంటే

ఒక రోజు పొలొన్నరువకు ఇవ్వండి. గల్‌విహారలో 14 మీటర్ల శయన బుద్ధుడి దగ్గర సాయంత్రం వేళ ఉండండి. సిగిరియ ఎక్కితే అద్దంగోడ దగ్గర ఆగండి, 8వ శతాబ్దం నుంచి వచ్చిపోయినవారు గీకిన పద్యాలున్నాయి. పురావస్తు పండితుడు పరణవితాన చదివి ప్రకటించినవే 685. మీరు కొత్తది చేర్చకండి. హబరణ చుట్టుపక్కల చీకటి పడ్డాక ద్విచక్ర వాహనం మీద తిరగవద్దు, ఏనుగులు రోడ్డు మీదకు వస్తాయి. క్యాండీ వెళ్తే, అక్కడి చివరి నలుగురు రాజులు మదురై నుంచి వచ్చిన తెలుగు నాయకర్ల వంశంవారని గుర్తుంచుకోండి. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి 1815లో బ్రిటిష్‌వారు గద్దె దించి వేలూరుకు తరలించారు. 1832లో అక్కడే పోయాడు, సమాధి ఇప్పటికీ ఉంది.

తిరిగి వచ్చే ముందు, వచ్చాక

చివరి సాయంత్రం టీ కొట్టుకు, దిగిన ఇంటికి వెళ్ళి అందరూ ఉండగా ఫోటో తీయండి. మొదటి రోజు కాదు, ఇప్పుడు. సంచిలో రెండు ఖాళీ కవర్లు ఉంచుకుని, వాటి మీద వాళ్ళ చిరునామా వాళ్ళ చేతనే సింహళంలో రాయించుకోండి. ఇంటికి వచ్చాక ఫోటోలు కాగితం మీద అచ్చు వేయించి ఆ కవర్లలోనే పెట్టండి. కింద ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీలంక' అని రాసి తపాలా కార్యాలయానికి తీసుకెళ్ళండి. బిళ్ళలు అంటించే గుమస్తా ఆ గుండ్రటి అక్షరాలు చూసి ఇది తెలుగేనా అని అడుగుతాడు. నన్ను అడిగాడు.